వెయ్యి స్పీకర్లకు ఒకే గొంతు

పిల్లలూ! మా స్కూల్లో ఉదయం ప్రార్థన కోసం పోయినేడాది రెండు లౌడ్‌స్పీకరు పెట్టెలు కొన్నాం. ఒకే కంపెనీ, ఒకే మోడలు, ఒకే ధర. రెండూ ఒకే రోజున, ఒకే దుకాణంలో కొన్నవే. వేదికకు కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి పెట్టాం. మొదటి రోజే తేడా బయటపడింది. ప్రతిజ్ఞ చదివే అమ్మాయి గొంతు కుడివైపు పెట్టెలోంచి ఖంగుమని వినిపించింది. ఎడమవైపు పెట్టెలోంచి అదే అమ్మాయికి పడిశం పట్టినట్టు వినిపించింది. మధ్యమధ్య గరగర శబ్దం ఒకటి.

దుకాణానికి వెళ్ళి అడిగాను. ఆయన నవ్వేసి, "ఏం చేస్తాం మాస్టారూ, పీసును బట్టి వుంటుంది. అదృష్టం కొద్దీ ఒకటి బాగా వచ్చింది కదా!" అన్నాడు.

పాతికేళ్ళకు పైగా సైన్సు పాఠాలు చెబుతున్నవాణ్ణి. "అదృష్టం" అనే మాట నాకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. ఒకే అచ్చులో తయారైన రెండు వస్తువులు వేరువేరుగా ఎందుకు పలుకుతాయి? వెయ్యి పెట్టెలు తయారుచేసి, వెయ్యింటికీ ఒకే గొంతు వచ్చేలా చూసే కంపెనీలు ప్రపంచంలో వున్నాయి కదా, వాళ్ళు ఏం చేస్తున్నట్టు? ఈ ప్రశ్నలకు జవాబు వెతికితే నాకు తోచింది మీకు చెబుతాను. ఒకేలా వుండటం అదృష్టం కాదు. గొప్ప పనివాడి చేతి మహిమ కూడా కాదు. అది వున్నదున్నట్టుగా రాసిపెట్టుకునే అలవాటు. ఈ మాటకు చివర్లో మన ప్రయోగాల రికార్డు పుస్తకాలతో కూడా పని వుంది. ముందు స్పీకరు సంగతి చూద్దాం.

విప్పి చూస్తే

పాడైన పాత స్పీకరు ఒకటి దొరికితే పెద్దవాళ్ళ సాయంతో విప్పి చూడండి. వెనకవైపు బరువైన అయస్కాంతం వుంటుంది. దాని మధ్య గుండ్రని సన్నని సందు. ఆ సందులో సన్నని రాగి తీగచుట్ట, అంటే కాయిల్. కాయిల్‌కు అతికించి గరాటు ఆకారంలో కాగితపు కోన్. కాయిల్ అటూ ఇటూ ఒరిగిపోకుండా పట్టుకోవడానికి ముడతలు పెట్టిన గుడ్డబిళ్ళ ఒకటి. దాన్ని స్పైడర్ అంటారు. తీగచుట్టలో విద్యుత్తు మారినప్పుడల్లా అయస్కాంత క్షేత్రం దాన్ని ముందుకూ వెనక్కూ తోస్తుంది. కోన్ కంపిస్తుంది. గాలి కంపిస్తుంది. మనకు శబ్దం వినిపిస్తుంది. ఈ ఏర్పాటును 1925లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసే చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే ఇంజనీర్లు వివరించారు. వందేళ్ళు దాటినా ఎక్కువ స్పీకర్ల లోపలి పద్ధతి అదే.

చూడటానికి ఇంత తేలికైన వస్తువులో తప్పులు దూరే సందులు మాత్రం చాలా వున్నాయి. కాయిల్‌కూ అయస్కాంతానికీ నడుమ ఖాళీ మిల్లీమీటరులో కొద్ది భాగమే. జిగురు ఆరేదాకా కాయిల్ సరిగ్గా మధ్యలో నిలవడానికి పనివాళ్ళు ఆ సందులో పలుచని ముక్కలు దూర్చి, ఆరాక లాగేస్తారు. ఆ ముక్క ఒక్కటి పక్కకు జరిగితే కాయిల్ ఒక వైపు ఒరుసుకుంటుంది. మా ఎడమవైపు పెట్టె గరగరకు ఇలాంటిదే ఏదో కారణమై వుండాలి.

ఇక బరువు సంగతి. స్ప్రింగుకు కట్టిన బరువు ఊగే వేగం ఆ స్ప్రింగు బిగువు మీద, ఆ బరువు మీద ఆధారపడుతుందని మీరు చదివే వుంటారు. స్పీకరుకూ అదే సూత్రం. కదిలే భాగం ద్రవ్యరాశి పెరిగితే దాని సహజ పౌనఃపున్యం తగ్గుతుంది. ద్రవ్యరాశి వర్గమూలానికి అది విలోమానుపాతంలో వుంటుంది. కోన్, కాయిల్ కలిపి 10 గ్రాములు వుందనుకోండి. పనివాడు ఒక గ్రాము జిగురు ఎక్కువ పూశాడు. 60 హెర్ట్జ్ వుండాల్సిన సహజ పౌనఃపున్యం 57కు పడిపోతుంది. అంతటితో అయిపోలేదు. బరువెక్కిన కోన్‌ను అదే బలం తక్కువ త్వరణంతో కదిలిస్తుంది. అందుచేత మధ్యస్థాయి శబ్దాలు సుమారు 0.8 డెసిబెల్ తగ్గుతాయి. ఒక్క గ్రాము జిగురు! ఈ 0.8 అనే అంకెను గుర్తుంచుకోండి. కాసేపట్లో దానితో పని పడుతుంది.

కాగితం చేసే గడుసు పని

కోన్ కాగితం తయారీ చూడండి. గుజ్జును నీళ్ళలో కలిపి, గరాటు ఆకారపు జల్లెడ మీద పట్టి, నీరు పోయాక ఆరబెడతారు. గుజ్జు ఏ చెట్టుది, ఎంత చిక్కగా కలిపారు, ఎంత ఆరింది అన్నదాన్ని బట్టి కోన్ మారుతుంది. పైగా కాగితం గాలిలో తేమను పీలుస్తుంది. వానాకాలంలో మన పుస్తకాలు మెత్తబడటం మీకు తెలిసిందే.

ఈ గొడవ బ్రిటన్‌లోని బి.బి.సి. రేడియోవారికి పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. రేడియో స్టూడియోలో ఇంజనీరు స్పీకరు విని, "ఈ గొంతు బొంగురుగా వుంది, సరిచేద్దాం" అనుకుంటాడు. నిజానికి బొంగురుగా వున్నది గొంతు కాదు, స్పీకరు. ఆయన సరిచేయబోయి మంచి గొంతును పాడుచేస్తాడు. ఒక స్టూడియో స్పీకరు ఒకలా, ఇంకో స్టూడియో స్పీకరు మరోలా వుంటే దేశమంతా వినే కార్యక్రమం రోజుకో తీరుగా తయారవుతుంది. కొలబద్ద సాగుతూ కుంచించుకుపోతూ వుంటే బట్టల కొట్టు నడుస్తుందా?

అందుకని 1960లలో బి.బి.సి. పరిశోధన విభాగం కాగితం వదిలి, బెక్స్‌ట్రీన్ అనే ప్లాస్టిక్ రేకుతో కోన్‌లు చేయించింది. ఇది పాలీస్టైరీన్ జాతికి చెందినది. రేకును వేడిచేసి అచ్చు మీదికి లాగితే కోన్ వస్తుంది. తేమ పీల్చదు. ఒక కోన్‌కూ ఇంకో కోన్‌కూ తేడా తక్కువ. మంచి శబ్దం కోసమే కాదు, ఒకే శబ్దం కోసం కూడా పదార్థం మార్చారన్నమాట.

1970లలో ఆ విభాగమే ఎల్.ఎస్. 3/5ఎ అనే చిన్న స్పీకరును రూపొందించింది. స్టూడియో బయట నుంచి ప్రసారం చేసే వ్యానుల్లో ఇరుకు చోట పెట్టుకోవడానికి అది. ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు, అంటే మీ పెద్ద స్కేలంత. దాన్ని తయారుచేసి అమ్ముకోవడానికి రోజర్స్, స్పెండార్, హార్బెత్ వంటి వేరువేరు కంపెనీలకు లైసెన్సు ఇచ్చారు. షరతు ఒకటే. ఎవరు తయారుచేసినా బి.బి.సి. నిర్ణయించిన కొలతల్లో ఒదగాలి.

ఆ కొలతలు ఎంత గట్టివంటే, పెట్టె లోపల చెక్కలను కలిపే సన్నని పట్టీలు ఏ కర్రతో చేయాలో కూడా చెప్పారు. బీచ్ అనే గట్టి కర్ర వాడాలి. దానికి బదులు పరానా పైన్ అనే కర్ర వాడినప్పుడు శబ్దంలో తేడా వచ్చింది. కారణం వెతుక్కుంటూ పోతే ఈ పట్టీలు దొరికాయి! కంటికి కనపడని మూలలో వున్న చెక్కముక్క అది. మొదటి పెట్టెలో ఏ కర్ర వాడారో రాసి లేకపోతే, కొత్త పెట్టెలో ఏం మారిందో ఎలా తెలుస్తుంది?

మరో సంగతి కూడా వుంది. ఆ స్పీకరులో వాడే యూనిట్లు కెఫ్ అనే కంపెనీ నుంచి వచ్చేవి. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ యూనిట్ల గుణాలు కొంచెం కొంచెంగా జరిగాయి. ఈ వారానికీ పోయిన వారానికీ తేడా తెలియదు. మొదటి కొలతలు పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. 1980ల చివరి భాగంలో యూనిట్లనూ, వాటికి శబ్దాలను పంచి ఇచ్చే విద్యుత్ వలయాన్నీ మళ్ళీ సరిచేయాల్సి వచ్చింది. 15 ఓమ్‌ల స్పీకరు 11 ఓమ్‌ల స్పీకరు అయింది. పిల్లలు రోజూ కళ్ళ ముందే పెరుగుతూ వుంటే ఇంట్లోవాళ్ళకు తెలియదు. పోయినేడు గోడ మీద గీసిన గీత చెబుతుంది.

నెంబరులోని కథ

ఇంగ్లండులో 1961లో రేమండ్ కుక్ స్థాపించిన ఆ కెఫ్ కంపెనీయే 1970లలో స్పీకర్ల పరీక్షకు కంప్యూటర్‌ను వాడటంలో ముందు నడిచింది. తయారైన ప్రతి యూనిట్‌ను కొలిచి ఆ అంకెలు దాచేవారు. కొంచెం గట్టిగా పలికే పెద్ద యూనిట్‌కు, అలాగే కొంచెం గట్టిగా పలికే చిన్న యూనిట్‌ను వెతికి జతచేసేవారు. అచ్చంగా మన ఊళ్ళో బండికి ఎడ్లను జత చూసి కట్టినట్టే. 1973లో మొదలైన వాళ్ళ "రిఫరెన్స్" వరుసకు ఆ పేరు వూరికే రాలేదు. ప్రయోగశాలలో భద్రపరిచిన నమూనా స్పీకరు ఒకటి వుంటుంది. బయటికి వెళ్ళే ప్రతి స్పీకరు దానికి 0.5 డెసిబెల్ తేడాలోపు వుండాలి. అంటే ధ్వని పీడనంలో సుమారు 6 శాతం. ఇందాకటి ఒక్క గ్రాము జిగురు గుర్తుందా? 0.8 డెసిబెల్! ఆ స్పీకరు గుమ్మం దాటదు.

ఇప్పటి మంచి ఫ్యాక్టరీలలో వరుస చివర ఒక పరీక్షా పెట్టె వుంటుంది. పూర్వం అక్కడ మనిషి కూర్చుని చెవితో వినేవాడు. ఇప్పుడు మైకు, కంప్యూటరు వింటాయి. సన్నని స్వరం నుంచి లావు స్వరం దాకా ఒక్క ఊపులో జారే శబ్దాన్ని స్పీకరులోకి పంపుతారు. రెండు మూడు సెకన్లలోపే అది ఎంత గట్టిగా పలికింది, సహజ పౌనఃపున్యం ఎంత, తీగలు తారుమారుగా అతికాయా, కాయిల్ ఒరుసుకుంటోందా అన్నవన్నీ తెలిసిపోతాయి. జర్మనీలోని డ్రెస్డెన్‌లో వున్న క్లిప్పెల్ వంటి సంస్థలు ఇలాంటి పరీక్షా యంత్రాలు చేస్తాయి.

ఇక్కడొక చమత్కారం వుంది. ఎండెక్కితే స్పైడర్ మెత్తబడుతుంది, పొద్దున్న వచ్చిన అంకె మధ్యాహ్నం రాదు. మరి తప్పు స్పీకరుదా, ఎండదా? అందుకే నమూనా స్పీకరును కూడా అదే గదిలో పెట్టి, దాన్ని మళ్ళీ మళ్ళీ కొలుస్తారు. దాని అంకె కూడా అంతే జరిగితే తప్పు ఎండదే.

కొలిచిన అంకె ఏ స్పీకరుదో తెలియాలంటే స్పీకరుకు నెంబరు వుండాలి. ఆ నెంబరు పక్కన రిజిస్టరులో ఏ రోజు చేశారు, కోన్‌లు ఏ కట్టలోవి, జిగురు ఏ డబ్బాది, అయస్కాంతాలు ఏ పెట్టెలోవి అని రాసి వుండాలి. ఒకరోజు గరగరలాడే స్పీకర్లు ఇరవై తిరిగి వచ్చాయనుకోండి. నెంబర్లు చూస్తారు. ఇరవైలో పద్దెనిమిదింటికి ఒకే డబ్బా జిగురు వాడినట్టు తేలుతుంది. ఇక ఆ డబ్బా జిగురుతో చేసినవి ఇంకా ఎన్ని బయటికి వెళ్ళాయో, ఎక్కడికి వెళ్ళాయో ఆ పుస్తకమే చెబుతుంది.

అమెరికాలో పాత స్పీకర్ల వెనక కొన్ని అంకెలు అచ్చువేసి వుండేవి. ఉదాహరణకు 220432 అని వుంటే, 220 అంటే జెన్సెన్ కంపెనీ, 4 అంటే సంవత్సరంలోని చివరి అంకె, 32 అంటే ఆ ఏడాదిలో ముప్పై రెండో వారం. అది 1954లో చేసిందా, 1964లో చేసిందా అన్నది మాత్రం మనమే కనుక్కోవాలి. రాసేవాడు ఒక్క అంకె పొదుపు చేస్తే చదివేవాడికి పదేళ్ళ తికమక!

రెండు రకాల తేడాలు

ప్రతి తేడాకూ కంగారు పడాలా? అక్కర్లేదు. అమ్మ పోసే దోసెల్లో ఏ రెండూ అచ్చంగా ఒకేలా వుండవు. అది సహజం. కానీ ఒక దోసె నుంచి వరుసగా అన్నీ పెనానికి అంటుకుపోతే, పిండికో పెనానికో ఏదో అయిందన్నమాట. మొదటిది యాదృచ్ఛికమైన తేడా. రెండోది కారణమున్న తేడా.

ఈ రెండింటినీ విడదీసే ఉపాయాన్ని 1924 మే నెలలో అమెరికాలో వాల్టర్ షూహార్ట్ అనే శాస్త్రవేత్త ఒక చిన్న కాగితం మీద గీసి చూపించాడు. ఆయన టెలిఫోన్ పరికరాలు తయారుచేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో వుండేవాడు. కొలతలను వరుసగా గ్రాఫు మీద చుక్కలుగా పెట్టాలి. మధ్యలో సగటు గీత, పైనా కిందా హద్దు గీతలు. చుక్కలు హద్దుల లోపల అటూ ఇటూ ఆడుతుంటే యంత్రం జోలికి పోవద్దు. హద్దు దాటినా, వరుసగా ఒకే వైపు జారుతున్నా ఆగి కారణం వెతకాలి. స్పీకరు కోన్‌లు మెల్లగా బరువెక్కుతుంటే, చెడిన సరుకు రాకముందే ఈ చుక్కలు కేకవేస్తాయి. 1947–48లో షూహార్ట్ ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఆహ్వానం మీద మన దేశానికి వచ్చాడు. మహలనోబిస్ స్థాపించిన భారత గణాంక సంస్థ మన దేశంలో ఈ విద్యను నాటింది. మన తెలుగువారైన సి.ఆర్. రావుగారు దశాబ్దాల పాటు పనిచేసిన సంస్థ అదే.

నా ఎర్ర సిరా

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి.

చాలా ఏళ్ళ కిందట లఘులోలకం ప్రయోగం చేయిస్తున్నాను. గురుత్వ త్వరణం 9.8 రావాలి. ఒక అబ్బాయికి 10.2 వచ్చింది. మళ్ళీ చేయించాను. మళ్ళీ 10.2. నేను విసుక్కుని అతని రికార్డులో ఆ అంకెను ఎర్ర సిరాతో కొట్టేసి, "పక్కవాళ్ళది చూసి సరిగ్గా రాయి" అన్నాను. పిల్లవాడు తల వంచుకుని 9.8 అని రాశాడు.

కొన్నేళ్ళ తరవాత లాబొరేటరీ బీరువా సర్దుతుంటే ఆ మీటరు స్కేలు చేతికి వచ్చింది. దాని మొదటి కొస నాలుగు సెంటీమీటర్లు విరిగిపోయి వుంది. విరిగిన చోట ఎవరో నున్నగా అరగదీశారు. దాంతో 100 అని కొలిచిన దారం నిజానికి 96 సెంటీమీటర్లు. లెక్కవేసి చూశాను. సరిగ్గా 10.2 వచ్చింది!

తరగతి మొత్తంలో నిజం రాసింది ఆ పిల్లవాడొక్కడే. నేను కొట్టేసింది ఆ నిజాన్నే. అప్పటికి అతను స్కూలు వదిలి వెళ్ళిపోయాడు. పాత రికార్డులు తీసి చూశాను. అదే స్కేలుతో కొలిచిన పిల్లలందరూ, ఏడాది తరవాత ఏడాది, 9.8 అనే రాశారు. అందరివీ ఒకేలా వున్నాయి. అందంగా వున్నాయి. స్కేలు విరిగిందన్న సంగతి మాత్రం ఒక్క పుస్తకమూ చెప్పలేకపోయింది. స్పీకరు ఫ్యాక్టరీలో అయితే ఆ తప్పు ఒక్క పూటలో దొరికి వుండేది.

గమనించారా? ఒకేలా వుండటం రెండు రకాలు. తేడాలను కొలిచి, కారణం వెతికి, సరిచేసి సాధించేది ఒకటి. తేడాలను చెరిపేసి చూపించేది ఇంకొకటి. మొదటిది పరిశ్రమకు ప్రాణం. రెండోది మన స్కూళ్ళలో మేమే నేర్పుతున్నాం. అలా నేర్చుకున్న పిల్లవాడు రేపు ఫ్యాక్టరీలో రిజిస్టరు ముందు కూర్చుంటే ఏం రాస్తాడు? రావాల్సిన అంకె రాస్తాడు. వచ్చిన అంకె రాయడు.

కొందరు మిత్రులు అంటారు: "వీణలు చూడండి, ఏ రెండూ ఒకేలా పలకవు. తేడాలోనే కదా అందం?" నిజమే. ఒకే పనస దుంగలో తొలిచిన బొబ్బిలి వీణకు దాని గొంతు దానికుండాలి. కానీ లౌడ్‌స్పీకరు పాడేది కాదు, పాటను మోసేది. ఉత్తరం మోసే పోస్టుమాన్ అందులో తన మాటలు కలపకూడదు కదా!

ఇంకొందరు అంటారు: "ఇదంతా ఖరీదైన పని, చవక సరుకుకు కుదరదు." గుళ్ళో మైకుసెట్టుకు 0.5 డెసిబెల్ హద్దు అక్కర్లేదని నేనూ ఒప్పుకుంటాను. హద్దును పనిని బట్టి పెట్టుకోవాలి. ప్రతి పీసునూ కాకపోయినా, ప్రతి వందలో కొన్నింటిని కొలవవచ్చు. కానీ నెంబరు వేయడానికి, పుస్తకంలో రాయడానికి ఎంత ఖర్చవుతుంది?

మా పెట్టెల సంగతి చెప్పలేదు కదూ! తొమ్మిదో తరగతి పిల్లలూ నేనూ కలిసి సెల్‌ఫోను నుంచి 50 హెర్ట్జ్ మొదలుకొని 500 దాకా మెల్లగా పెంచుతూ రెండింటిలోనూ స్వరాలు వినిపించాం. ఎడమదానిలో గరగర ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పట్టిక వేశాం. తయారీదారుకు ఉత్తరం రాద్దామని పెట్టె వెనక్కి తిప్పి చూశాం. కంపెనీ పేరు వుంది. ధర వుంది. నెంబరు లేదు. "మరి మనది ఏదో వాళ్ళకెలా తెలుస్తుంది సార్?" అని ఒక అమ్మాయి అడిగింది. తెలియదమ్మా. వాళ్ళకు ఎప్పటికీ తెలియదు. అందుకే వాళ్ళు తరవాత చేసే పెట్టె కూడా అదృష్టం మీదే ఆధారపడుతుంది.

మేం మాత్రం తెల్ల రంగుతో వాటి వెనక 1, 2 అని రాశాం. ఒక నోటుపుస్తకం తెరిచాం. మీరూ మీ స్కూలు స్పీకర్లకు, త్రాసులకు, స్టాప్‌వాచీలకు, స్కేళ్ళకు నెంబర్లు వేయండి. ఏది ఎప్పుడు ఎంత చూపించిందో రాయండి. వింత అంకె వస్తే కొట్టేయకండి. పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టి, మీ మాస్టారికి చూపించండి. ఆయన ఎర్ర సిరా కలం తీస్తే, ముందు ఆ స్కేలు కొస చూడమని మర్యాదగా చెప్పండి.